భద్రాచలము: రేవు, సంత, లెక్క
(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఒక పల్లెలో ప్రతి సాయంకాలము దీపము పెట్టి, పత్రిక పరచి, అడిగినవారికి పుస్తకము అందించుచున్న సంస్థకు రజతోత్సవము జరుగుట సామాన్య విషయము కాదు. ఇట్టి సభలలో విద్యా మహిమను గూర్చియు, గ్రంథముల గొప్పతనమును గూర్చియు పెద్దలు ప్రసంగించుట ఆచారము. ఇప్పటి ప్రసంగ విషయము మాత్రము గ్రంథములలో అంతగా కనబడనిది. ఈ అడవి సరిహద్దు గ్రామములవారు సంవత్సరమునకు ఒకమారైనను పోయివచ్చు భద్రాచల పట్టణమును గూర్చియు, ఆ పట్టణమును తమ రెక్కల కష్టముతో నిలిపిన జనులను గూర్చియు ఇక్కడ కొన్ని మాటలు చెప్పబడును.

కాకినాడకును మచిలీపట్టణమునకును సముద్రపు రేవు ఎట్టిదో, అడవి నడుమనున్న భద్రాచలమునకు గోదావరి రేవు అట్టిది. చిరకాలము సరకు వచ్చినది నీటి మీదనే, పోయినది నీటి మీదనే. యాత్రికుడు దిగినది ఆ రేవులోనే. గుడి గోపురమును చూచినవారు లక్షలమంది కలరు. గోపురపు నీడలో బరువులు మోసినవారిని, పడవ నడిపినవారిని, ఆకు కోసినవారిని తేరిపార చూచినవారు కొలదిమంది.

ఈ పట్టణ చరిత్రలో అందరికి తెలిసిన కథయే ఒక లెక్కకు సంబంధించినది. నేలకొండపల్లిలో జన్మించిన కంచర్ల గోపన్న, 1672లో గోలకొండ సింహాసనమెక్కిన అబుల్ హసన్ తానీషా కాలమున, పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా నుండెను. సర్కారుకు చేరవలసిన పైకమును రామాలయ నిర్మాణమునకు ఖర్చుపెట్టి, లెక్క అప్పగింపలేక గోలకొండ చెరసాలలో బాధలు పడెను. రామలక్ష్మణులే మారువేషమున వచ్చి ఆ బాకీ చెల్లించి, తానీషా చేత రసీదు వ్రాయించుకొనిరని భక్తుల విశ్వాసము. ఆ గోపన్నయే భక్త రామదాసు. ఆయన లెక్క ఎంతో, ఎట్లు తీరినదో పసిపిల్లలు కూడ చెప్పుదురు. ఆ గుడికి రాయి చెక్కినవారెవరో, సున్నము నూరినవారెవరో, కొండ మీదికి బరువు మోసినవారికి దినమునకు ఎంత కూలి ముట్టినదో చెప్పగలవారు లేరు. దేవుడు కూడ బాకీ తీర్చి రసీదు పుచ్చుకొనెనని చెప్పుకొను ఊరిలో, కష్టజీవి మాత్రము తరతరములుగా రసీదు లేకయే ఇంటికి మరలినాడు. ఈ ప్రసంగమున ముఖ్యముగా గమనింపవలసినది ఈ సంగతియే.

పట్టణము గోదావరికి ఎడమ ఒడ్డున నున్నది. ఈ ఒడ్డు ఎన్ని సర్కారుల చేతులు మారినదో తలచిన ఆశ్చర్యము కలుగును. 1860లో నిజాము ప్రభుత్వము ఈ తాలూకాను ఆంగ్లేయులకు వదలుకొన్నది. అప్పుడిది మధ్యపరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో చేరినది. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిసినది. ఆవలి ఒడ్డు వరంగల్లు జిల్లాలో నుండి, 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడినపుడు అందులో చేరెను. భద్రాచలము, నూగూరు వెంకటాపురము తాలూకాలు 1959లో తూర్పు గోదావరి నుండి ఖమ్మము జిల్లాకు వచ్చినవి. 2014లో రాష్ట్రవిభజన జరిగినపుడు పోలవరము ముంపు మండలములు ఆంధ్రప్రదేశ్‌లో కలుపబడగా, భద్రాచల పట్టణము తెలంగాణములో నిలిచి, దానిని ఆనుకొనియున్న ఎటపాక, పురుషోత్తపట్నము వంటి గ్రామములు ఆవలి రాష్ట్రమునకు పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా వెలసినది. పటములో గీతలు మారుచున్నను, ఉదయమున పాలు తెచ్చువారు, కూరగాయల గంప ఎత్తుకొని వచ్చువారు, కూలికి వచ్చువారు నడచు దారి మారలేదు. కాని కార్డు ఒక రాష్ట్రములోను, పని మరియొక రాష్ట్రములోను ఉన్నవానికి కచ్చేరి పని రెండింతలైనది.

ఇక రేవు సంగతి. ఎగువ అడవులలోని టేకు, ఇతర కలప, వెదురు గోదావరి మీద తెప్పలుగా రాజమహేంద్రవరమునకు దిగుచుండెడివి. బరువైన కలప తనంతట తాను నీటిపై తేలదు. దానికి వెదురు కట్టలను జోడించి, తీగలతోను నారతోను బిగించి, ఒకదాని వెనుక నొకటిగా కట్టవలెను. కట్టుట ఒక విద్య, నడుపుట మరియొక విద్య. తెప్ప మీదనే పొయ్యి, తెప్ప మీదనే నిద్ర. కూనవరము వద్ద శబరి వచ్చి కలియును. అది దాటిన కొంత దూరమునకు పాపికొండలు నదిని ఇరుకున పెట్టును. అక్కడ నీటి వేగము, సుడిగుండములు, నీటి అడుగున దాగిన బండలు తెలిసినవాడే తెప్పను దాటింపగలడు. గెడ ఎక్కడ మోపవలెనో, ఎక్కడ మోపిన విరుగునో ఏ పుస్తకమును చెప్పలేదు. తండ్రి చూపగా కొడుకు నేర్చుకొన్న విద్య అది. తెప్ప రాజమహేంద్రవరము చేరిన పిమ్మట కలప విలువ అడితీలో లెక్కకెక్కును. తెప్ప నడిపినవాని ప్రాణభయము ఏ పద్దులోను చేరలేదు.

ఈ నదిని పెద్ద వర్తకమార్గముగా చేయవలెనని దొరలు కూడ తలచిరి. ధవళేశ్వరము ఆనకట్టను 1847 మొదలు 1852 వరకు నిర్మింపజేసిన ఆర్థర్ కాటన్, మధ్య ఇండియా పత్తిని ఓడల మీద సముద్రమునకు దింపవలెనని ఆశించెను. అందుకొరకే భద్రాచలమునకు ఎగువ దుమ్ముగూడెము వద్ద ఆనకట్ట, పడవలు దాటుటకు కాలువ, లాకులు కట్టబడినవి. పై బండలను దాటు పనులు ముందుకు సాగక, ఖర్చు పెరిగి, రైలుమార్గములు వేరు దిక్కుల నుండి వచ్చుటచే 1871లో ఆ సంకల్పము విడువబడినది. ఎండకును జ్వరమునకును ఓర్చి ఆ రాళ్లు పేర్చిన కూలీల సంతతి ఈ గ్రామములలోనే కలిసిపోయి యుండవచ్చును. వారి కథను అడిగి వ్రాసికొన్నవారు లేకపోయిరి.

రైలు వచ్చినదన్న మాటయే గాని, అది కూడ ఏటి ఒడ్డు చేరలేదు. బొగ్గు కొరకు కొత్తగూడెము దాక వేసిన మార్గపు చివరి స్టేషనుకు భద్రాచలము రోడ్డు అని పేరు. ఆ స్టేషను నుండి పట్టణము సుమారు 40 కిలోమీటర్లు. పేరు చదివి దిగిన దూరదేశపు యాత్రికుడు ఏరు ఎక్కడనని అడుగుట, బండివాడు నవ్వి బేరము మొదలుపెట్టుట అక్కడ మామూలు. ఆ దారి బండ్ల మీద, తరువాత బస్సుల మీద గడచి, సారపాక వైపు ఒడ్డు చేరి, పడవ ఎక్కి రేవు దాటవలసియుండెను. శ్రీరామనవమి నాళ్లలో ఆ పడవలకు విరామము లేదు. నీరు లోతు తగ్గినచోట ఇసుకలో నడక, లోతున్నచోట గెడ, వరదలో దేవునిపై భారము. పడవవారికి సంవత్సరపు గ్రాసము ఆ కొలది దినములలోనే కూడవలెను.

1965లో గోదావరిపై వంతెన తెరువబడినది. ఆనాడు రెండు ఒడ్డులు ఒకటైనవి. రోగి రాత్రివేళ ఆసుపత్రి చేరగలిగినాడు. బియ్యము, ఉప్పు, కిరోసిను వరద దినములలో కూడ అందినవి. వంతెన మేలును కాదనువారు లేరు. కాని అదే దినమున రేవులోని పడవవాని పని ముగిసినది. తెప్పలు పోవు కలప క్రమముగా లారీ ఎక్కినది. గెడ పట్టిన చేయి కొంతకాలము చేపల వలను, కొంతకాలము కూలి పారను పట్టినది. కొడుకులు లారీ క్లీనర్లైరి, హమాలీలైరి, హోటళ్లలో పనికి కుదిరిరి. మేలు ఊరందరికి పంచబడినది, నష్టము మాత్రము ఒక వాడకే చెందినది. ఇట్టి మార్పు వచ్చినపుడు నష్టపోయినవారి లెక్కను కూడ తీయుట న్యాయము.

రేవు తగ్గినను సంత తగ్గలేదు. కోయవారు, కొండరెడ్లు అడవి నుండి తెచ్చు సరకే ఈ ప్రాంతపు వర్తకమునకు మూలము. ఆ సరకు ఊరక దొరకునది కాదు. ఎండలు ముదురు వేళ ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలును. చెట్టు క్రింద నేల శుభ్రము చేసి, ఎండ పడకముందే ఏరవలెను. అది స్త్రీల పని, పిల్లల పని. తపసి చెట్టు బెరడుపై గాటు పెట్టి జిగురు తీయవలెను. గాటు లోతైన చెట్టు చచ్చును, నిస్సారమైన జిగురు రాదు. తీసిన జిగురులో బెరడు ముక్కలు ఏరి, తెల్లనిది ఒకవైపు, నల్లనిది ఒకవైపు వేరు చేయవలెను. ధర ఆ ఏరుటలోనే యున్నది. తేనె, చింతపండు, కుంకుడుకాయ, చిల్లగింజ కూడ ఈ సంత సరకులే. గోదావరి ఎర్రనీరు పారు దినములలో చిల్లగింజను తడి కుండ లోపల అరగదీసి నీరు పోసిన, మన్ను అడుగునకు దిగి నీరు తేటపడును. ఇది పట్టణపు గృహిణులు అడవివారి నుండి నేర్చిన విద్య.

ఇంత నేర్పు గలవాడు సంతలో ఎందుకు ఓడిపోయెను? కొలత అవతలివాని చేతిలో నుండుట వలన. కొనునపుడు ఒక కుంచము, అమ్మునపుడు వేరొక కుంచము. మానిక అంచు మీద వ్రేలు పెట్టి కొలుచుట, పోగుగా పోయించుకొని చదునుగా పోసి ఇచ్చుట అడవివాడు ఎరుగనివి కావు. ఎరిగియు అడుగలేకపోయెను. వానకాలపు ఆకలికి తెచ్చిన జొన్నలకు నాగు కట్టవలెను. తెచ్చినది ఎంత, ఇచ్చినది ఎంత, మిగిలినది ఎంతయను మాట షావుకారు పుస్తకములో మాత్రమే యుండెను. ఆ పుస్తకము చదువుట ఋణస్థునికి రాదు. చదువ వచ్చినవాడు సాక్షిగా నిలుచుటకు రాడు. ఈ విధముగా చింతచెట్టు కాపునకు రాకముందే కాయ పరులదైనది. కొన్ని చోట్ల చెలక కూడ పరులదైనది. షెడ్యూల్డు ప్రాంత భూముల బదిలీని కట్టడి చేయుటకు 1959లో నిబంధన వచ్చినది. 1970లో దానిని మరింత గట్టిచేసిరి. చట్టము వచ్చినను, కాగితము చదువగలవాడు లేనిచోట అది బీరువాలోని ఆయుధము వంటిది.

సర్కారు ఊరకుండలేదు. విశాఖపట్టణము కేంద్రముగా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఉత్పత్తులను కొని, నిత్యావసరములను అమ్ము డిపోలను తెరచినది. తూనికలు కొలతల శాసనము కూడ 1956లోనే వచ్చినది. క్రమముగా కుంచము మానిక తొలగి కిలోగ్రాము వచ్చినది. ముల్లు కనబడు త్రాసు ముందు నిలిచినవాడు ముల్లును చూడగలడు. అంకెను చదువవలెనన్న అక్షరము కావలెను.

బీడీ ఆకు, అనగా తునికాకు సంగతి ఇందుకు మంచి దృష్టాంతము. మాఘ ఫాల్గుణములలో కొమ్మలు నరికిన పొదలు వేసవికి లేత ఆకు తొడుగును. ఆ ఆకు కొన్ని వారములే దొరకును. కుటుంబమంతయు తెల్లవారకముందే అడవికి పోవును. ఎండెక్కువరకు కోసి, మధ్యాహ్నము నీడలో కూర్చుండి, చిరుగు లేని ఆకును ఏరి, 50 ఆకులకు ఒక కట్ట చొప్పున నారతో కట్టుదురు. సాయంకాలము కల్లము వద్ద కల్లేదారు కట్టలను ఎంచి తీసికొనును. కట్టలు ఇసుక నేలపై వరుసలుగా పరచి ఎండబెట్టుదురు. అకాలవర్షము వచ్చిన ఆకు మచ్చపడును, వరుస చెడును. 1000 కట్టలు ఒక ప్రమాణపు బస్తా. అనగా బస్తాలో 50,000 ఆకులుండును. పూర్వము ఈ వర్తకమంతయు గుత్తదారుల చేతిలో నుండెను. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వర్తకమును నియంత్రించు 1971 నాటి శాసనము వలన అది సర్కారు అధీనమునకు వచ్చినది. తరువాత, అమ్మకమున మిగిలిన ఆదాయమును ఆకు కోసినవారికే పంచు పద్ధతి కూడ ఏర్పడినది.

ఇప్పుడొక చిన్న లెక్క. కట్ట తక్కువ పడునను భయముతో ఒక కుటుంబము 50కి బదులు 55 ఆకులు కట్టుచున్నదనుకొనుడు. దినమునకు 100 కట్టలు తెచ్చినచో 500 ఆకులు ఊరక పోయినవి. అనగా 10 కట్టల కూలి. ఇరువది దినములకు 200 కట్టలు. ఇట్లు అయిదు కుటుంబములు చేసినచో, పూర్తిగా ఒక బస్తా ఆకు వెలలేకుండ పోయినది. ఇందులో దొంగతనము చేసినవాడు ఒక్కడును లేడు. భయమే చేసినది, లెక్కరాని తనమే చేసినది. అటులనే కార్డులో ఆనాటి కట్టల సంఖ్య ఎక్కకపోయిన, ఆదాయము పంచునాడు ఆ కష్టము ఉండియు లేనట్లే. నాలుగవ తరగతి చదివిన బాలిక ఆ కార్డును చదివి, ఇక్కడ ఎనుబదియే వ్రాసిరి, తెచ్చినది తొంబది అని చెప్పగలిగిననాడు ఆ ఇంటికి చదువు అన్నము పెట్టినది.

పట్టణమునకు ఎదుటి ఒడ్డున సారపాకలో కాగితపు మిల్లు 1979లో ఉత్పత్తి ఆరంభించినది. ఒకనాడు తెప్పయై రాజమహేంద్రవరము దిగిన వెదురు ఇక్కడనే కాగితమగుటకు మార్గమేర్పడినది. తరువాత జామాయిలు, సుబాబులు తోటలు మెట్టచేలలోనికి వచ్చినవి. మిల్లులో ఉద్యోగము పొందిన కుటుంబములు స్థిరపడినవి. వారి వెంట పాఠశాలలు, దుకాణములు, అద్దె ఇండ్లు వచ్చినవి. వేసవిలో మిరపకోతకు ఛత్తీస్‌గఢ్ వైపు నుండి కూలీలు గుంపులుగా వచ్చి చేలగట్లపై గుడిసెలు వేసికొందురు. వారి భాష వేరు, ఊరు వేరు. తూకము ముందు వారి అవస్థ మాత్రము ఇక్కడివారి తాతల అవస్థయే.

గుడి వలన జీవించువారిని కూడ మరువరాదు. శ్రీరామనవమి కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు వచ్చుట లోకమెరుగును. గోటితో ఒలిచిన వడ్ల తలంబ్రాలను భక్తులు దూరగ్రామముల నుండి తెత్తురు. ఆ దినమున పందిళ్లు కట్టినవారు, వంటశాలలో పొగమ్రింగినవారు, తలనీలాలు తీసినవారు, కొబ్బరికాయలు అమ్మినవారు, మరునాటి ఉదయమున వీథులు ఊడ్చినవారు కల్యాణమును కన్నులార చూచిన సంవత్సరములు తక్కువ. పండుగ వారి పనిదినము.

ఇన్నిటి మీద గోదావరి తన లెక్క తాను వ్రాయుచున్నది. భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులకు వచ్చిన మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టు 16న ఆ మట్టము 75.6 అడుగులకు పెరిగినది. తరువాత పట్టణమునకు కరకట్ట ఏర్పడినది. 2022 జూలై 16న మరల 71.3 అడుగులు వచ్చి, వంతెనపై రాకపోకలు నిలిచి, వేలమంది పునరావాస శిబిరములకు పోవలసివచ్చినది. దిగువన శబరి పొంగి ఎదురైనచో గోదావరి త్వరగా దిగదు. ఈ సంగతి పాత తెప్పవారికి అడుగుల లెక్క లేకయే తెలియును. ఇప్పటివారికి స్తంభముపై అంకె తెలియును. రెండును తెలిసినవాడు తన పశువులను, గింజలను సకాలమున మెట్టకు చేర్చును. ఒకటే తెలిసినవాడు కొంత పోగొట్టుకొనును.

కావున ఈ రజతోత్సవ సమయమున గ్రంథాలయము ముందు రెండు పనులున్నవి. మొదటిది చదివించుట. తెలుగునాట గ్రంథాలయోద్యమము ఆరంభమునుండియు పండితులకే పరిమితము కాలేదు. 1935లో కృష్ణా కాలువపై కొల్లూరు, పెదవడ్లపూడి నడుమ పడవలో పుస్తకములు పెట్టి ఒడ్డుననున్న పల్లెలకు చేర్చిరి. గోదావరి మీద కలప దిగినంతగా అక్షరము ఎక్కిరాలేదు. ఆ బాకీ ఇంకను తీరలేదు. వారమునకు ఒక సాయంకాలము, ఆకు కార్డు, కూలి చీటీ, బ్యాంకు పుస్తకము, పట్టా కాగితము తెచ్చినవారికి చదివి చెప్పి, వారిచేతనే చదివింపగలిగినచో, ఇంత చిన్న గదిలో అంతకంటె పెద్ద పని లేదు. కోయ పలుకు ఇంటిలో మాటలాడు పిల్లవానికి మొదటి పుస్తకము అందించునపుడు వాని మాటను వెక్కిరింపక ఓపికతో చెప్పుట అందులో భాగమే.

రెండవది వ్రాయించుట. తెప్ప కట్టు విధానము, పాపికొండలలోని బండల పేర్లు, జిగురు గాటు లోతు, రేవు పాటలు, వరదల జ్ఞాపకములు ఇంకను కొందరు వృద్ధుల నోట నున్నవి. ఆ వృద్ధులతోడనే అవి పోవును. ఒక లావుపాటి నోటు పుస్తకము, ఒక పెన్సిలు, వినుటకు ఓపిక గల ఇద్దరు యువకులు చాలును. చెప్పినవారి పేరు, ఊరు, పని వారి అనుమతితో అందులో వ్రాయవలెను. గుడి కట్టిన రాతిపనివాని పేరు దొరకలేదని విచారించు కాలము, రేపటివారికి తెప్పవాని పేరు, ఆకు కోసిన తల్లి పేరు దొరకకుండ చేయరాదు.

బీరువాలో రామదాసు చరిత్ర యున్నది, భారతమున్నది, నవలలున్నవి. వాటి ప్రక్కన ఆ నోటు పుస్తకము కూడ నుండవలెను. స్వర్ణోత్సవము జరుగునాటికి అది నిండియుండుగాక. ఈ గ్రంథాలయమునకు దీపము పెట్టినవారికి, పుస్తకము మోసితెచ్చినవారికి, గది ఊడ్చినవారికి ఈ సభాముఖమున వందనములు.

స్వస్తి.